మూడో ఎలక్ట్రిక్ కారుకు టాక్స్ క్రెడిట్ వస్తుందా? పాత ఓనరుకు క్యూలో ముందు చోటు ఇస్తారా?

జవాబులు ఒకదాంట్లో ఒకటి కలిసిపోకుండా ముందు మీ ప్రశ్నను విడదీస్తాను. మీ ఇంట్లో ఇప్పటికే రెండు ఎలక్ట్రిక్ కార్లున్నాయి, 2018లో కొన్నది ఒకటి, 2024లో కొన్నది ఒకటి. రెండింటికీ అమెరికా ఫెడరల్ ప్రభుత్వమిచ్చే టాక్స్ క్రెడిట్ (కట్టాల్సిన పన్నులోంచి నేరుగా తగ్గే మొత్తం) తీసుకున్నారు. మూడోదానికి 2025 సెప్టెంబరులో అగ్రిమెంటు సంతకం చేసి 250 డాలర్లు కట్టారు, అక్టోబరు వచ్చినా కారు చేతికి రాలేదు. ఇది కాక, ఇంకా అమ్మకానికి రాని ఒక మోడల్‌కు 100 డాలర్ల రిజర్వేషన్ పెట్టుకున్నారు. మూడోసారి కూడా 7,500 డాలర్ల క్రెడిట్ వస్తుందా, పాత కస్టమర్లం కాబట్టి డెలివరీలో ముందుకు జరుపుతారా అని అడిగారు.

సెప్టెంబరు అగ్రిమెంటు కారుకు, కాగితాలు సరిగా ఉంటే, క్రెడిట్ వచ్చే అవకాశం ఉంది. 100 డాలర్ల రిజర్వేషన్ కారుకు రాదు. పాత కస్టమర్ అన్న హోదాతో ఐఆర్ఎస్‌కు, అంటే అమెరికా ఫెడరల్ పన్ను శాఖకు, పని లేదు. కంపెనీ క్యూలో ఆ హోదాకు కొంత విలువ ఉంటుంది కానీ మీరనుకున్నంత కాదు.

2025 జూలై 4న సంతకమైన చట్టం మూడు క్రెడిట్లకూ ఒకే గడువు పెట్టింది: కొత్త కారుకు ఇచ్చే 30డి, పాత కారుకు ఇచ్చే 25ఇ, లీజు కంపెనీలు వాడుకున్న 45డబ్ల్యూ. 2025 సెప్టెంబరు 30 తర్వాత సంపాదించిన కారుకు ఇవేవీ లేవు. ఆ ‘సంపాదించడం’ అంటే ఏమిటో ఐఆర్ఎస్ ఆగస్టులో వివరించింది. కట్టుబడి ఉండాల్సిన రాతపూర్వక ఒప్పందం, దానితోపాటు ఎంతో కొంత చెల్లింపు, రెండూ సెప్టెంబరు 30లోపు జరిగి ఉంటే కారు సంపాదించినట్టే. చెల్లింపు నామమాత్రపు అడ్వాన్సు అయినా సరే, పాత కారును ట్రేడ్-ఇన్‌గా (దాని విలువ కొత్త కారు ధరలో తగ్గించుకునేలా) ఇచ్చినా సరే. ఆ తర్వాత కారు ఎప్పుడు చేతికొస్తే అప్పుడు క్రెడిట్ అడగొచ్చు.

చాలామంది 250 కట్టాం కాబట్టి పని అయిపోయిందనుకుంటారు. చెల్లింపు చిన్నదైనా ఫరవాలేదు గానీ, ఒప్పందం నిజంగా కట్టిపడేసేదేనా అన్నది వేరే ప్రశ్న. 2022లో చట్టం మారినప్పుడు ఇదే మాట మీద ఐఆర్ఎస్ ఇచ్చిన వివరణ ఇది: ఒప్పందం రాష్ట్ర చట్టం ప్రకారం అమలు చేయదగినదై ఉండాలి, నష్టపరిహారాన్ని ముందే ఒక మొత్తానికి పరిమితం చేయకూడదు. ఆ పరిమితి మొత్తం ధరలో 5 శాతమో అంతకంటే ఎక్కువో అయితే మాత్రం దాన్ని తప్పుగా లెక్కించరు. 45,000 డాలర్ల కారుకు 5 శాతమంటే 2,250. మీ అగ్రిమెంటులో ‘కొనుగోలుదారు రద్దు చేసుకుంటే 250 ఫీజు మాత్రమే పోతుంది’ అన్న వాక్యం ఉందేమో వెతకండి. ఉంటే, రిటర్న్ వేసేముందు ఆ పేజీని మీ సీపీఏకు (పన్ను లెక్కలు చూసే అకౌంటెంటుకు) చూపించండి. సంతకం తేదీ, కారు వివరాలు (మోడల్, ట్రిమ్ అంటే ఆ మోడల్‌లో ఏ రకమో, రంగు, వీలైతే విన్ నంబరు, అంటే ఆ కారు ఒక్కదానికే ఉండే గుర్తింపు సంఖ్య), ధర, చెల్లింపు రసీదు, ఈ నాలుగూ పీడీఎఫ్‌గా దాచుకోండి. కంపెనీ యాప్‌లో ఆర్డర్ పేజీ డెలివరీ తర్వాత మారిపోతుంది, కొన్నిసార్లు అగ్రిమెంటు కొత్త తేదీతో మళ్ళీ తయారవుతుంది. సెప్టెంబరు తర్వాత మీరు రంగో చక్రాలో మార్చి ఉంటే పాత కాగితం, కొత్త కాగితం రెండూ ఉంచుకోవాలి. ఆర్డర్ రద్దు చేసి మళ్ళీ పెడితే మాత్రం అది కొత్త ఒప్పందం, పాత తేదీ పోయినట్టే.

మీ 100 డాలర్ల రిజర్వేషన్‌లో ధర రాసిలేదు, ఏ కారో రాసిలేదు, అడిగితే డబ్బు వెనక్కిస్తారు. దాన్ని ఏ కోణంలో చూసినా ఒప్పందం అనలేం.

ఇక ఏ సంవత్సరంలో అడగాలి? కారు మీ స్వాధీనంలోకి వచ్చిన సంవత్సరంలో. అగ్రిమెంటు 2025ది, డెలివరీ 2026లో అయితే క్రెడిట్ 2026 రిటర్నులో, అంటే 2027లో వేసేదాంట్లో అడగాలి. 2025 రిటర్నులో పెడితే తిరస్కరిస్తారు. డబ్బు మొత్తం కట్టేశాం, కారు ట్రక్కు మీద దారిలో ఉంది అన్నా లెక్కలోకి రాదు. 2018 డిసెంబరులో ఎంతోమంది కంగారుపడ్డది దీనికే. ఆ ఏడాది జూలైలో టెస్లా అమెరికాలో 2,00,000వ కారు అమ్మింది. అప్పటి నియమం ప్రకారం ఆ త్రైమాసికం, తర్వాతి త్రైమాసికం పూర్తి 7,500 ఇచ్చి, 2019 జనవరి 1 నుంచి 3,750కి, జూలై 1 నుంచి 1,875కి తగ్గించి, 2020 జనవరి 1న సున్నా చేశారు. డిసెంబరు 31 రాత్రిలోగా తాళం చేతికొచ్చినవారికి పూర్తిది, మర్నాడు వచ్చినవారికి సగం. జీఎంకు (జనరల్ మోటార్స్) ఇదే మెట్లవరస 2019 ఏప్రిల్ 1 నుంచి మొదలైంది. ఆ 2,00,000 పరిమితి 2023 నుంచి లేదు. అయినా 2018లో కొన్నవారి లెక్కల్లో అది ఇంకా తిరుగుతూనే ఉంటుంది, ఇప్పుడు దాన్ని పక్కన పెట్టేయండి.

ఇప్పుడు చూడాల్సినది ఆదాయం. కారు చేతికొచ్చిన ఏడాదిది గానీ, దానికి ముందు ఏడాదిది గానీ, సవరించిన స్థూల ఆదాయం జంటగా ఫైల్ చేస్తే 3,00,000, హెడ్ ఆఫ్ హౌస్‌హోల్డ్‌కు (జంటగా కాకుండా ఒంటరిగా ఇల్లు నడిపేవారికి) 2,25,000, మిగతావారికి 1,50,000 దాటకూడదు. రెండేళ్ళలో ఏ ఒక్క ఏడాది లోపల ఉన్నా చాలు. మధ్యలో పెళ్ళి వల్లో మరోదానివల్లో ఫైలింగ్ స్టేటస్ మారితే, ఏ ఏడాది ఆదాయాన్ని ఆ ఏడాది స్టేటస్ పరిమితితో పోల్చాలి. ఇక్కడ మెల్లగా తగ్గడం ఉండదు, 3,00,001 అయితే మొత్తం పోతుంది. ఇద్దరూ సాఫ్ట్‌వేర్‌లో ఉన్న ఇళ్ళలో దెబ్బ జీతంతో తగలదు, ఆర్ఎస్‌యూ వెస్ట్ అయిన నెలలో, అంటే కంపెనీ ఇస్తానన్న షేర్లు చేతికొచ్చి ఆదాయంలో కలిసిన నెలలో, తగులుతుంది. డెలివరీ 2026లో అయితే మీకు 2025, 2026 రెండూ అవకాశాలే. 2025 ఆదాయం ఆ గీత దాటిపోయి ఉంటే 2026లో 401(కె)ని (ఉద్యోగి రిటైర్మెంటు ఖాతా) ప్రీ-టాక్స్‌లో నింపడం, హెచ్ఎస్ఏ (వైద్య ఖర్చుల పొదుపు ఖాతా) కట్టడం, లాభంలో ఉన్న షేర్లు అమ్మకుండా ఆగడం ఆ గీత కిందకు దిగడానికి పనికొస్తాయి. రాత్ 401(కె)లో, అంటే పన్ను లెక్కలోకి వచ్చిన డబ్బుతో, వేస్తే ఈ ఆదాయం తగ్గదు.

కారుకూ పరిమితులున్నాయి. ఉత్తర అమెరికాలో చివరి అసెంబ్లీ జరిగి ఉండాలి. బ్యాటరీ ఖనిజాల షరతుకు 3,750, బ్యాటరీ భాగాల షరతుకు 3,750, రెండూ దాటితేనే పూర్తి 7,500. కంపెనీ ధర సెడాన్‌కు 55,000, ఎస్‌యూవీ, వ్యాన్, పికప్‌లకు 80,000 మించకూడదు. ఇక్కడ చూసేది స్టిక్కర్ మీద ఉన్న ధర. ఫ్యాక్టరీలో బిగించిన ఆప్షన్లు అందులో కలుస్తాయి, డెస్టినేషన్ ఛార్జీ (ఫ్యాక్టరీ నుంచి తెచ్చే రవాణా ఖర్చు), పన్నులు కలవవు. డీలర్‌తో బేరమాడి 54,000కు తెచ్చుకున్న 56,000 సెడాన్‌కు క్రెడిట్ రాదు. పెద్ద చక్రాలు, ఇంకో రంగు జోడించి గీత దాటేయడం మామూలుగా జరిగే పొరపాటు.

డెలివరీ రోజున మీ చేతికి రావాల్సిన అసలు కాగితం టైమ్ ఆఫ్ సేల్ రిపోర్టు. అమ్మినవాళ్ళు దాన్ని ఐఆర్ఎస్ ఎనర్జీ క్రెడిట్స్ ఆన్‌లైన్ పోర్టల్‌లో నమోదు చేసి, మీరు కారు తీసుకున్న రోజున గానీ ఆ తర్వాత మూడు రోజుల్లోపు గానీ కాపీ ఇవ్వాలి. అది పోర్టల్‌లో లేకపోతే మీ రిటర్న్‌లోని విన్ నంబరు ఐఆర్ఎస్ దగ్గరున్నదాంతో సరిపోలదు, క్రెడిట్ ఆగిపోతుంది. ఆ పోర్టల్‌లో కొత్త అమ్మకందారుల నమోదు 2025 సెప్టెంబరు 30తో మూసేశారు. ముందే నమోదైనవారే ఇప్పుడు రిపోర్టు పెట్టగలరు. కాబట్టి డెలివరీకి ముందే ఈమెయిల్‌లో రెండు ప్రశ్నలు అడిగి రాతపూర్వకంగా జవాబు తీసుకోండి: మీరు పోర్టల్‌లో నమోదై ఉన్నారా? మా ఒప్పందం తేదీతో రిపోర్టు పెడతారా? షోరూమ్‌లో అమ్మకాల కుర్రాడు ‘ఆ క్రెడిట్ అయిపోయిందండీ’ అని తోసేస్తే ఫైనాన్స్ మేనేజరుతో మాట్లాడాలి. కారు నడుపుకుంటూ ఇంటికొచ్చాక వెంటపడటం కంటే సంతకాలకు ముందు అడగడం తేలిక. రిపోర్టులో పేరు, సోషల్ సెక్యూరిటీ నంబరు, విన్ అక్షరం అక్షరం సరిచూడండి. విన్‌లో ఇంగ్లిషు ‘ఓ’ అక్షరం ఎప్పుడూ ఉండదు, అక్కడ కనిపించేది సున్నాయే.

రిటర్న్‌లో ఫారం 8936, ఒక్కో కారుకు విడిగా షెడ్యూల్ ఏ. డీలర్ దగ్గరే క్రెడిట్‌ను ధరలో తగ్గించుకున్నా ఈ ఫారం వేయాల్సిందే. మీ 2024 కారును అలాగే కొని, ఫారం వేయకుండా వదిలేసి ఉంటే సవరణ రిటర్న్ వేయండి.

మళ్ళీ మళ్ళీ కొనేవారికి ప్రత్యేకంగా ఉన్న పరిమితులు తక్కువే, కానీ గందరగోళం ఎక్కువ. కొత్త కారు క్రెడిట్‌కు జీవితకాలపు లెక్క లేదు, ప్రతి అర్హమైన కారుకూ విడిగా వస్తుంది. మూడేళ్ళకు ఒక్కసారే అన్నది పాత కారు క్రెడిట్‌కు పెట్టిన నిబంధన (25,000 లోపు ధర ఉన్న కారు మీద 30 శాతం, గరిష్ఠంగా 4,000). ఆ రెండింటినీ కలిపి ‘మీకు ఇప్పటికే ఒకసారి వచ్చింది, ఇక రాదు’ అని చెప్పేవారున్నారు, నమ్మకండి. డీలర్‌కు బదిలీ చేసి అప్పటికప్పుడు తగ్గింపు తీసుకోవడం మాత్రం మనిషికి ఏడాదికి రెండుసార్లే.

బదిలీ చేయకుండా రిటర్న్‌లో అడిగేవారు ఇంకో లెక్క చూసుకోవాలి. ఈ క్రెడిట్ మీ పన్నును సున్నా దాకా తగ్గిస్తుంది, అంతకుమించి చేతికి ఇవ్వదు, మిగిలింది వచ్చే ఏడాదికి పోదు. ఒకే ఏడాదిలో రెండు కార్లు వచ్చి, 15,000 క్రెడిట్ ఉండి, ఆ ఏడాది మీ పన్ను 11,000 అయితే 4,000 గాలికి పోయినట్టే. పన్ను అంటే ఏప్రిల్లో మీరు కట్టాల్సి వచ్చే బాకీ అనుకోకండి. ‘మాకు ఎప్పుడూ రిఫండే వస్తుంది, కాబట్టి క్రెడిట్ పనికిరాదు’ అనేది తప్పు లెక్క. 1040 ఫారంలో (మామూలు వ్యక్తిగత పన్ను రిటర్న్) ఏడాది మొత్తానికి తేలే పన్ను చూడాలి, జీతంలోంచి ముందే కోసినది దానికి చెల్లింపు మాత్రమే. డీలర్‌కు బదిలీ చేసినప్పుడు ఈ బాధ లేదు, మీ పన్ను 3,000 అయినా పూర్తి 7,500 మీకే ఉంటుంది, తేడా వెనక్కి అడగరు. ఆదాయం గీత దాటితే మాత్రం మొత్తం 7,500 మీరే ఐఆర్ఎస్‌కు కట్టాలి, డీలర్‌కు సంబంధం లేదు. అందుకే ఆదాయం గీతకు దగ్గరగా ఉన్నవారు ఆ బదిలీ చేసుకునేముందు ఒకటికి రెండుసార్లు లెక్క వేసుకోవాలి.

ఇంకో ఉచ్చు ఉంది. చేతికొచ్చిన 30 రోజుల్లోపు అమ్మేస్తే తిరిగి అమ్మడానికే కొన్నట్టు లెక్కగట్టి క్రెడిట్ తీసేస్తారు. తమ్ముడి పేరు మీదకు మార్చేయడం లాంటివి ఆ నెలలో పెట్టుకోకండి.

వెయిటింగ్ లిస్టు సంగతికి వద్దాం. క్యూ అనగానే మనం టోకెన్ నంబరు ప్రకారం పిలుస్తారనుకుంటాం. కార్ల కంపెనీ అలా నడపదు. ఫ్యాక్టరీలో ఒక వారం ఏ ట్రిమ్ కట్టారో, ఆ ట్రక్కులు ఏ వైపు వెళ్తున్నాయో, ఏ డెలివరీ సెంటర్లో చోటు ఉందో చూసి, ఆ కార్లకు సరిపోయే ఆర్డర్లను వెతుక్కుంటుంది. మీ రిజర్వేషన్ సమయం వీటన్నిటి తర్వాత వస్తుంది.

పాత ఓనర్లకు నిజంగా ముందు చోటు ఇచ్చిన పెద్ద ఉదాహరణ టెస్లా మోడల్ 3. 2016 మార్చి 31న 1,000 డాలర్లతో రిజర్వేషన్లు తెరిచారు, వారంలో 3,25,000 దాటాయి. 2017 జూలై 28న మొదటి కార్లు ఉద్యోగులకు, ఆ తర్వాత పాత ఓనర్లకు, అందులోనూ కాలిఫోర్నియా వైపు వాళ్ళకు ముందు. న్యూజెర్సీలో ఉన్న పాత ఓనరుకు హోదా ఉన్నా, కారు పడమర నుంచి తూర్పుకు రావాలి. అంతకంటే ముఖ్యం, మొదట కట్టింది ఒక్కటే రకం: లాంగ్ రేంజ్, వెనక చక్రాల డ్రైవ్, ప్రీమియం ప్యాకేజీ, 49,000 డాలర్లు. మొదటిరోజు పొద్దున్నే వరసలో నిలబడ్డవారైనా 35,000 కారే కావాలంటే 2019 ఫిబ్రవరి 28 దాకా ఆగాల్సొచ్చింది. అప్పటికి క్రెడిట్ సగమైపోయింది. క్యూలో చోటు పదిలంగానే ఉంది, దానికి అంటుకున్న 3,750 కరిగిపోయింది.

ఆ లెక్కను ఇంకొంచెం ముందుకు తీసుకెళ్తే ఇంకో సంగతి బయటపడుతుంది. క్రెడిట్ పోతుందన్న భయంతో 49,000 కారు తీసుకున్నవారికి నికరంగా 41,500 పడింది. ఆగి 35,000 కారు సగం క్రెడిట్‌తో తీసుకున్నవారికి 31,250. పెద్ద బ్యాటరీ కావాలనుకునే తీసుకున్నవారి సంగతి వేరు. 7,500 కోసమే తీసుకున్నవారు మాత్రం 10,250 ఎక్కువ పెట్టారు. గడువు దగ్గరపడినప్పుడు షోరూముల్లో జరిగేది ఎక్కువగా ఇదే.

క్రెడిట్ పోగానే ధరలు కూడా కదులుతాయి. సగమైన మర్నాడే, 2019 జనవరి 2న, టెస్లా అమెరికాలో అన్ని మోడళ్ళ మీద 2,000 తగ్గించింది. 2025 అక్టోబరులో హ్యుండయ్ తన 2026 అయానిక్ 5 ధరల్ని ట్రిమ్‌ను బట్టి 9,800 దాకా దించింది, టెస్లా అదే నెల 7న మోడల్ వై స్టాండర్డ్‌ను 39,990కు తెచ్చింది. స్టాండర్డ్‌లో సౌకర్యాలు కోశారన్నది నిజమే, అయినా 7,500 మొత్తం కొనేవారి నెత్తిన పడలేదు.

రిజర్వేషన్ ధరను పట్టి ఉంచుతుందన్న నమ్మకం కూడా వదులుకోండి. టెస్లా పికప్ సైబర్‌ట్రక్‌కు 2019 నవంబరులో 100 డాలర్లు కట్టినవారికి అప్పుడు చెప్పిన ప్రారంభ ధర 39,900. 2023 నవంబరు 30న డెలివరీలు మొదలయ్యేసరికి 60,990 అయింది, పైగా ముందు ఇచ్చింది 20,000 అదనంగా ఉన్న ఫౌండేషన్ సిరీస్. అది వద్దనుకున్నవారిని దాటుకుని, చాలా వెనక ఉన్నవారికి కార్లు వెళ్ళాయి. ఇంకో ఎలక్ట్రిక్ కార్ల కంపెనీ రివియన్ 2022 మార్చి 1న ముందే బుక్ చేసినవారికీ ధర పెంచి, గొడవ కావడంతో రెండు రోజుల్లో వెనక్కి తీసుకుంది. రిజర్వేషన్లో ధర రాసిలేకపోతే కంపెనీ మనసు మార్చుకోవడమే దిక్కు.

పాత ఓనరుగా మీరు చేయగలిగినవి కొన్ని ఉన్నాయి. కొత్త ఆర్డర్ ఏ ఖాతాలో ఉందో, పాత కారు ఏ ఖాతాలో ఉందో చూడండి. పాత కారు మీ ఆవిడ ఈమెయిల్ మీద, కొత్త ఆర్డర్ మీ ఈమెయిల్ మీద ఉంటే సిస్టమ్‌కు మీరు కొత్త కస్టమరే. రిజర్వేషన్లు మామూలుగా ఇంకొకరి పేరుకు మారవు, కాబట్టి పెట్టేముందే ఎవరి పేరు మీద అన్నది తేల్చుకోండి. రిజిస్ట్రేషన్, లోను, క్రెడిట్ ఒకే పేరు మీద ఉంటే గొడవ తక్కువ.

కారు కేటాయించామని సందేశం వచ్చాక ఇచ్చే గడువు చిన్నది. ఆలోపు లోను, విన్‌తో ఇన్సూరెన్సు, పాత కారు ట్రేడ్-ఇన్ మూడూ సిద్ధంగా లేకపోతే ఆ కారు వేరేవాళ్ళకు పోతుంది. లోను ముందస్తు ఆమోదాలు, ట్రేడ్-ఇన్ కొటేషన్లు కొన్ని వారాలకే చెల్లుతాయి. రెండు నెలల ముందే తీసుకుని నిశ్చింతగా కూర్చుంటే సరిగ్గా అవసరమైన రోజున గడువు తీరి ఉంటుంది. ట్రేడ్-ఇన్ ఇవ్వాలా, బయట అమ్ముకోవాలా అన్నది రాష్ట్రాన్ని బట్టి. టెక్సాస్, న్యూజెర్సీల్లో ట్రేడ్-ఇన్ విలువ తీసేసి మిగిలినదాని మీదే సేల్స్ టాక్స్, కాలిఫోర్నియాలో పూర్తి ధర మీద. టెక్సాస్‌లో 6.25 శాతం చొప్పున 20,000 ట్రేడ్-ఇన్ అంటే 1,250 మిగిలినట్టే, కాబట్టి బయట కనీసం 21,250 ఇస్తేనే అమ్మడం దండగ కాదు. మీ 2018 కారును న్యూజెర్సీలో కొని ఉంటే దానికి సేల్స్ టాక్స్ పూర్తి మినహాయింపు ఉండేది. 2025 జూలై 1 నుంచి అక్కడ ఎలక్ట్రిక్ కార్లకూ పూర్తి 6.625 శాతం పడుతుంది, బడ్జెట్‌లో కలుపుకోండి.

100 డాలర్ల రిజర్వేషన్‌ను ఉంచుకోవడంలో నష్టం లేదు. దాన్ని క్రెడిట్‌తో ముడిపెట్టకుండా, ధర ప్రకటించిన రోజున మళ్ళీ ఆలోచించండి. లోను మీద కొంటే వడ్డీ మినహాయింపు ఒకటి కొత్తగా ఉంది: 2025 నుంచి 2028 దాకా, అమెరికాలోనే చివరి అసెంబ్లీ జరిగిన కొత్త కారుకు, ఏడాదికి 10,000 దాకా వడ్డీ. మెక్సికోలో కట్టిన కారు దీనికి పనికిరాదు. ఒక్కరికి 1,00,000, జంటకు 2,00,000 ఆదాయం దాటాక ప్రతి 1,000కి 200 చొప్పున తగ్గుతుంది, అంటే జంటకు 2,50,000 దగ్గర మొత్తం పోతుంది. ఇది మినహాయింపే, క్రెడిట్ కాదు. 22 శాతం శ్లాబులో ఉన్నవారికి 2,000 వడ్డీ మీద మిగిలేది 440.

మూడో కారుతో ఇంట్లో రెండో ఛార్జర్ పెట్టించాలనుకుంటే దానికి 2026 జూన్ 30 దాకా పెట్టిన క్రెడిట్ ఇంకోటుంది: ఖర్చులో 30 శాతం, గరిష్ఠంగా 1,000. ఛార్జర్ ఆ తేదీలోపు బిగించి వాడకంలోకి వచ్చి ఉండాలి, మీ ఇల్లు అర్హమైన సెన్సస్ ట్రాక్ట్‌లో (జనాభా లెక్కల కోసం గీసిన చిన్న ప్రాంతం) ఉండాలి. ఎలక్ట్రీషియన్‌కు అడ్వాన్సు ఇచ్చేముందే ఆ ట్రాక్ట్ నంబరు చూసుకోండి, ఊరి నడిబొడ్డున ఉన్న ఖరీదైన సబ్‌డివిజన్లు చాలావరకు ఇందులో ఉండవు. దీనికి రిటర్న్‌లో వేయాల్సింది ఫారం 8911.